ఆవిరి షెడ్డులో యలమందయ్య గొంతు

మాధవీలత ఆ మిల్లులో మేనేజరుగా చేరిన మొదటి రోజే చనిపోయిన మనిషి గొంతు వింది. అది చనిపోయిన మనిషి గొంతని అప్పటికి ఆమెకు తెలియదు, అది వేరే సంగతి.

రాయచూరు జిల్లా బాళగనూరు దాటాక కాలువ గట్టు పక్కన ఉంటుంది ఆ రైస్ మిల్లు. మధ్యాహ్నం భోజనాల వేళ మోటార్లన్నీ ఆగిపోయి, అంతా సద్దుమణిగి ఉంది. వడ్లకు ఆవిరి పట్టే షెడ్డులోంచి ఎవరో పెద్దాయన గొంతు కోస్తా యాసలో గట్టిగా వినిపించింది. "ఒరేయ్ అమరేశా, ఆవిరి పైకి బుస్సుమని తన్నుకొచ్చిందా లేదా చూడు. వచ్చిందంటే వాల్వు కట్టెయ్. అక్కడ నిలబడి ఆలోచించమాకు. ఆలోచించడానికి నేనున్నాగా."

మేనేజరుగా తనుండగా ఈ పెత్తనం చేసేదెవరో చూద్దామని తొంగి చూసింది. లోపల ఒక్కడే ఉన్నాడు. స్టీమ్ ఆపరేటర్ అమరేశ్, ముప్పై దాటిన బక్కపల్చటి మనిషి. చేతిలో ఫోను.

"ఎవలతోని మాట్లాడుతున్నవ్?"

"సార్ మేడం."

"ఏ సార్?"

"యలమందయ్య సార్," అన్నాడు, నీళ్ల సీసా ఎక్కడుందో చెప్పినంత మామూలుగా.

ఆమె సరేనని వచ్చి తన గదిలో కూర్చుంది. ఎందుకో తలెత్తి చూస్తే వెనక గోడకు దండ వేసిన ఫోటో ఉంది. కింద ఆ పేరే రాసి ఉంది. అమ్మో అనుకుని కుర్చీలోంచి లేచి నిలబడింది. ఆ కుర్చీ కూడా ఆయనదేనని ఎవరూ చెప్పనక్కర్లేదు, కూర్చున్నచోట మెత్త గుంట పడి ఉంది.

నవ్వకండి. రాయచూరు ఊళ్లో పుట్టి పెరిగిన మనిషి ఆమె. తండ్రి పత్తి మార్కెట్లో గుమాస్తా, భర్త యరమరస్ కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు ఉద్యోగి. దయ్యాలకు భయపడే రకం కాదు. లింగసుగూరు రోడ్డులో ఒక విత్తనాల గోదాములో మగ హమాలీలందరినీ ఒంటి చేత్తో నడిపి వచ్చింది. అయినా ఆ సాయంత్రం సింధనూరులో తను అద్దెకున్న గదికి వెళ్లాక కూడా ఆ గొంతు ఆమెను వదల్లేదు. అన్నం కలుపుకుంటుంటే "ఆలోచించమాకు" అని వినిపించింది.

అసలు సంగతి నాలుగు రోజుల్లో తెలిసిపోయింది. యలమందయ్య గారు మిల్లు పెట్టిన నాటి నుంచీ మేనేజరు. గుంటూరు వైపు నుంచి కాలువ నీళ్లను నమ్ముకుని వచ్చి వలస రైతుల క్యాంపులో స్థిరపడిన కుటుంబం. ఆయనకు వాట్సప్ రావడం ఆలస్యం, ఎక్కడున్నా ఫోనులోకి మాట్లాడి పంపించేవాడు. పెళ్లిలో ఉన్నా పొలంలో ఉన్నా సరే, ఈ లారీ దించండి, ఆ ట్యాంకు తెరవండి, ఇప్పుడు ఆపండి, ఇప్పుడు పెట్టండి. అవన్నీ అమరేశ్ ఫోనులో ఉన్నాయి. ఆయన పోయాక ఏ పని ఎదురైనా అమరేశ్ అందులో వెతికి, ఇలాంటి రోజున సార్ ఏం చెప్పాడో పెట్టుకుని విని, అలాగే చేస్తున్నాడు. మిగతా వాళ్లు చుట్టూ చేరి వింటున్నారు. చనిపోయినాయన దర్జాగా మిల్లు నడుపుతున్నాడు.

చెడ్డవాడా అంటే, అబ్బే! లింగసుగూరు అవతల వాన పడితేనే పంట పండే ఊరి నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన అమరేశ్‌ను చేరదీసింది ఆయనే. వాడి పెళ్లి దగ్గరుండి చేసిందీ ఆయనే. కాకపోతే ఆయనకు ఒక్కటే జబ్బు. ఎవరైనా నోరు తెరిచి సగం అడిగేలోపే జవాబు చెప్పేసేవాడు. జవాబు కూడా సరైనదే అయ్యేది, అదే వచ్చిన చిక్కు. ఇన్నేళ్లలో ఆ మిల్లులో ఎవరికీ తమకు తాముగా ఒకటి తేల్చుకోవలసిన అవసరం పడలేదు.

మాధవీలతతో మాట్లాడేటప్పుడు కూడా వాళ్ల చూపు ఆమె ముఖం మీద నిలిచేది కాదు. తలకు జానెడు పైన, ఫోటో దగ్గర ఆగేది. ఆమె చెప్పిందంతా విని, ఫోటో వైపు చూసి తలాడించి వెళ్లేవాళ్లు. ఆమెకు ఒళ్లు మండేది. రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది కూడా, ఆయన ఏమైనా సైగ చేస్తున్నాడేమోనని.

మిల్లు యజమాని శివాజీ అసలు మాట చెప్పేశాడు. "చూడమ్మా, రెండు లాట్లు ఎర్రబడి పోయినయ్. బియ్యం టీ నీళ్లలో ముంచి తీసినట్టున్నాయి. అప్పటి వడ్లు వేరు, ఇప్పుడొచ్చే వడ్లు వేరు. ఒక్కో లారీ ఒక్కో రకం తేమ. ఈ అమరేశ్ గాడు ఆ పాత మాటలు పెట్టుకుని ఆవిరి కొడుతున్నాడు. పెద్దాయన పెంచిన మనిషని ఊరుకున్నాను. ఇంకొక్క లాటు పోయిందంటే వాణ్ణి పంపించేస్తా. ఈలోపు వాణ్ణి సొంతంగా పనిచేసుకునేట్టు నువ్వు తయారుచెయ్యగలిగితే చెయ్యి."

"చేస్త సార్," అనేసింది మాధవీలత. అమరేశ్‌కు ఇద్దరు చిన్నపిల్లలని, భార్యకు మూడో నెలని ఆమెకు ఆ పూటే గౌరవ్వ చెప్పింది. గౌరవ్వ కళ్లంలో వడ్లు ఊడ్చే మనిషి, మిల్లులో అందరి ఇళ్ల సంగతులూ ఆమె దగ్గరే ఉంటాయి. ఆ సంగతి విన్నాక మాధవీలతకు తను తొందరపడి మాటిచ్చానేమోనని గుండెలో రాయి పడింది.

అదే వారంలో రాయచూరులో ఒక హోటల్ హాల్లో మేనేజర్లకు శిక్షణ పెట్టారు. శివాజీ ఆమెను పంపించాడు. బెంగళూరు నుంచి వచ్చిన కుర్రాడు చాలా చక్కగా చెప్పాడు. మీ దగ్గర పనిచేసేవాళ్లకు జవాబులు చెప్పకండి, ప్రశ్నలు వెయ్యండి. వేశాక నోరు మూసుకుని ఆగండి. ఆ నిశ్శబ్దంలోనే వాళ్లు నేర్చుకుంటారు. ఏ చిక్కు వచ్చినా ముందు 'వాట్ డూ యూ థింక్' అని అడగండి, అన్నాడు. మాధవీలతకు ఆ మాట బాగా పట్టింది. వచ్చేటప్పుడు బస్సులో దాన్ని తెలుగులోకి మార్చుకుని మనసులో నాలుగైదుసార్లు అనుకుంది కూడా.

మర్నాడు పొద్దున్నే అమరేశ్‌ను గదికి పిలిచింది. తలుపు దగ్గరకు వేసింది. ఎర్రబడిన బియ్యం గుప్పెడు బల్ల మీద పోసింది. కుర్రాడు చెప్పినట్టే కళ్లలోకి చూస్తూ, "అమరేశ్, ఏమనుకుంటున్నవ్?" అని అడిగి, నోరు మూసుకుంది.

అమరేశ్ ముఖంలో నెత్తుటి చుక్క లేదు. తలుపు వేసి, చెడిపోయిన సరుకు ముందు పోసి, గుడ్లురిమి చూస్తూ 'ఏమనుకుంటున్నావ్' అంటే మన వైపు దాని అర్థమేమిటో మీకు వేరే చెప్పాలా? "నేనేం అనుకోలే మేడం! అమ్మతోడు! మీ గురించి ఎవలేం చెప్పిన్రో గానీ నేను ఒక్క మాట అనుకోలే!" ఆమె కంగారుగా ఏదో చెప్పబోయి, ప్రశ్న వేశాక మాట్లాడకూడదని గుర్తొచ్చి మళ్లీ నోరు మూసుకుంది. అది చూసి వాడికి వణుకు పుట్టింది. మర్నాడు పనికి రాలేదు.

"పాపం, వాన్ని ఎందుకట్ల తిట్టిన్రు మేడమ్మా?" అని గౌరవ్వ వచ్చి నిలదీసింది. "తిట్టలే గౌరవ్వా, అడిగిన!" అంటే ఎవరు నమ్ముతారు?

నవ్వుకుని ఊరుకోవలసిన ముచ్చటే ఇది. మాధవీలత కూడా నవ్వుకుంది, తప్పు తెలుసుకుంది. ఇంట్లో అమ్మ కూర తరిగేముందు తనను ఎలా అడిగేదో గుర్తు చేసుకుంది. మనవాళ్లు ఎదుటివాడి ఆలోచన కావాలంటే ఎలా అడుగుతారో అలాగే అడగాలనుకుంది. అమరేశ్ తిరిగి వచ్చాక, ఈసారి షెడ్డుకు తనే వెళ్లి, ట్యాంకు పక్కన నిలబడి, వడ్లు నాలుగు అరచేతిలో వేసుకుని మెల్లగా అడిగింది. "ఏం చేద్దామంటవ్ అమరేశూ?"

అమరేశ్ చేతిలోని పార జారి కింద పడింది. వాడు ఆమె వైపు చూడలేదు. ఆమె వెనకాల ఎవరో నిలబడి ఉన్నట్టు అటు చూశాడు. గోడ పట్టుకుని బయటికి నడిచి, కాలువ గట్టు ఎక్కి, అటే వెళ్లిపోయాడు. అంత వేడి షెడ్డులో మాధవీలతకు వీపు మీద చెమట చల్లబడింది. ఆమె వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. పార మాత్రమే ఉంది.

మర్నాడు అమరేశ్ పనిలోకి వచ్చాడు గానీ, ఇక ఆమె ప్రశ్నల జోలికి పోలేదు. ఎందుకు పోతుంది? అవతల ఒక కాపురం ఉంది. శిక్షణ సంగతి తర్వాత చూసుకుందామని, ప్రతి లారీకి తనే వెళ్లి వడ్లు చూసి, ఎంతసేపు ఆవిరి పట్టాలో, ఎప్పుడు ఆపాలో తనే చెప్పేసింది. సింధనూరు గదిలో ఉన్నా ఫోనులోకి మాట్లాడి పంపించింది. "జర సన్నగ పెట్టు. ఫికర్ జెయ్యకు, నేను చెప్త గదా." బియ్యం తెల్లగా వచ్చాయి. శివాజీ మెచ్చుకున్నాడు. అమరేశ్ ముఖం తేటపడింది. వాళ్ల చూపులు కూడా ఫోటో మీంచి జానెడు కిందికి దిగి ఆమె ముఖం మీద నిలిచాయి. మాధవీలతకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

ఒక మధ్యాహ్నం మోటార్లు ఆగి ఉన్నప్పుడు ఆమె కళ్లం మీదుగా వస్తోంది. షెడ్డులోంచి గొంతు వినిపించింది. ఆడగొంతు. "జర సన్నగ పెట్టు. ఫికర్ జెయ్యకు, నేను చెప్త గదా."

ఆమె అక్కడే ఆగిపోయింది. తన గొంతే. ఎప్పుడో అన్న మాట. షెడ్డులో నలుగురు చుట్టూ చేరి భక్తిగా వింటున్నారు. తనిక్కడ ఊపిరితో నిలబడి ఉంది, ఆ సంగతి వాళ్లకు పట్టలేదు. తను చచ్చిపోయినా వీళ్లకు తెలియదని, తెలిసినా ఏమీ మారదని ఆమెకు అనిపించింది. గదికి వెళ్లి కుర్చీలో కూర్చోబోయి, ఆ గుంట చూసి, నిలబడే సాయంత్రం దాకా పని చేసింది. ఆ రోజు నుంచి ఫోనులోకి మాట్లాడి పంపడం మానేసింది.

తర్వాత అకాల వర్షాలు పట్టుకున్నాయి. కోసిన వడ్లు పొలాల్లోనే తడిశాయి. అలాంటి రోజుల్లో ఒక లారీ వచ్చి మిల్లు ముందు ఆగింది. శివాజీ బావమరిది వడ్లు. దించి, గోదాములో ఉన్న మంచి వడ్లతో కలిపెయ్యమని శివాజీ ఫోను చేశాడు. మాధవీలత పైన బస్తా విప్పి చూసింది, పొడిగానే ఉన్నాయి. కింది బస్తాల దగ్గర ఏదో వాసన తగిలీ తగలనట్టు ఉంది. కలిపితే లాటంతా ఎర్రబడవచ్చు, అప్పుడు అమరేశ్ ఉద్యోగం పోతుంది. వద్దంటే యజమాని బావమరిది సరుకు తిప్పి పంపినట్టవుతుంది. ఏది సరో ఆమెకు నిజంగానే తేలలేదు.

అమరేశ్ వచ్చి పక్కన నిలబడ్డాడు. బస్తాలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి తీశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"నాకు తెలుస్తలేదు అమరేశ్," అంది ఆమె. అది శిక్షణలో నేర్చిన మాట కాదు. ఉన్న మాటే. "ఏం చేద్దామంటవ్?"

అన్నాక నాలుక్కరుచుకుంది. అయితే వాడు ఈసారి పారిపోలేదు. లారీ చక్రానికి ఆనుకుని కూలబడ్డాడు.

"సార్ గూడ గిదే అడిగిండు మేడం."

"ఎప్పుడు?"

"సార్ పోయిన దినం. గా బస్తాల మీద కూసున్నడు, మధ్యాహ్నం పూట. చెమట్లు కారుతున్నయి. 'ఒరేయ్, గుండెల్లో ఏదో పట్టేసినట్టుంది. సింధనూరు ఆస్పత్రికి పోదామా, కాసేపు ఆగి చూద్దామా? ఏం చేద్దామంటావురా?' అన్నడు." కోస్తా యాస అచ్చంగా యలమందయ్య గొంతులోనే వచ్చింది. గౌరవ్వ ఊడ్చే చీపురు ఆపేసింది. "ఇన్నేండ్లల్ల సార్ నన్ను అడిగింది గదొక్కటే. నాకు నవ్వొచ్చింది మేడం. సార్ నన్ను అడుగుడేంది? తమాషా చేస్తున్నడనుకున్న. 'మీరెట్లంటే అట్ల సార్' అన్న. సార్ జరసేపు నా మొఖమే చూసిండు. 'అయితే కాసేపు చూద్దాంలే' అన్నడు."

మాధవీలతకు నీ తప్పేం లేదు అనే మాట నోటిదాకా వచ్చింది, గానీ ఆ మాట అందరూ అనేదే, వాడికి అది పనికిరాదు.

"మా నాయన గూడ గట్లనే పోయిండు మేడం. గట్లనే చెమట్లు. నాకు తెలుసు. ఆస్పత్రికి పోవాలెనని నాకు తెలుసు." అమరేశ్ జేబు తడుముకున్నాడు, ఫోను తియ్యలేదు. "దినాం సార్ మాటలు ఎందుకు పెట్టుకుంటనంటే, చెప్పినయి ఇంటుంటే అడిగింది ఇనబడదు."

లారీ డ్రైవరు విసుక్కుని హారన్ కొట్టాడు. మాధవీలత చేతిలో ఫోను మోగింది. శివాజీ. ఆమె ఎత్తలేదు. ఈ లారీ దించెయ్, కలపకుండా విడిగా పెట్టు అని చెప్పేస్తే తీరిపోతుంది. సరో కాదో గానీ, ఆ జవాబు నాలుక మీదే ఉంది. యలమందయ్య అయితే ఈపాటికి చెప్పేసి భోజనానికి వెళ్లిపోయేవాడు. పమిట కొంగు పిడికిట్లో నలుపుకుంటూ ఆమె నిలబడింది. ఫోను మోగి మోగి ఆగి, మళ్లీ మోగింది.

అమరేశ్ లేచాడు. లారీ ఎక్కి అడుగు బస్తా ఒకటి లాగి విప్పాడు. గింజ కొరికి ఉమ్మేశాడు. ఇన్నేళ్లుగా మిల్లులో వాడు మాట్లాడింది ఇతరుల తెలుగే. ఇప్పుడు నోటివెంట వాడి ఇంటి కన్నడమే వచ్చింది.

"బేడ," అన్నాడు. మళ్లీ కొంచెం గట్టిగా, "బేడ మేడం. దించొద్దు."

ఆమె ఫోను ఎత్తింది. "సార్, వడ్లు లోపల ముక్కినయి. దించుతలేం."

శివాజీ కేకలు ఫోను చెవి దగ్గర లేకున్నా వినిపిస్తున్నాయి. "మా బావమరిది సరుకమ్మా అది! ఎవడు వద్దన్నది? ఎవడా పెద్దమనిషి?"

నేనే అన్న సార్ అనబోయింది మాధవీలత. ఆమె ఉద్యోగం పోదు, మహా అయితే చివాట్లు పడతాయి. అమరేశ్ లారీ మీంచి చెయ్యి చాపాడు. ఆమె ఒక్క క్షణం తటపటాయించి ఫోను ఇచ్చింది.

"నేను సార్. అమరేశ్‌ను. నేనే వద్దన్న." అవతల్నుంచి ఏమేం మాటలు వచ్చాయో, వాడి మెడ నరాలు బిగుసుకున్నాయి. ఫోను మాత్రం చెవి దగ్గర నుంచి తియ్యలేదు. "లేద్సార్. అడుగుకు ముక్కినయి సార్. కలిపితే అంత పోతది. మీరొచ్చి చూడండ్రి... మీరెట్ల..." అని ఆగిపోయాడు. "లేద్సార్. దించను."

ఫోను కట్టయింది. అమరేశ్ కిందికి దూకి, ఫోను ఆమెకిచ్చి, ఊడ్చిన వడ్ల మీదే కూర్చున్నాడు. గౌరవ్వ వాణ్ణి లెమ్మనలేదు. డ్రైవరు గొణుక్కుంటూ లారీ వెనక్కి తిప్పాడు.

"నన్ను తీసేస్తడా మేడం?"

"తెల్వదు అమరేశ్," అంది ఆమె. నిజంగానే తెలియదు. వెళ్లి వాడి పక్కన తనూ కూర్చుంది.

వాడు మోకాళ్ల మధ్య తల పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. చాలాసేపటికి ముఖం తుడుచుకుని తలెత్తాడు.

"గింత చిన్న మాట మేడం," అన్నాడు. "'ఆస్పత్రికి పోదాం' అని ఆ దినం గూడ నోట్లనే ఉండె."